వేలిముద్ర కలిసేదాకా

మా అత్తయ్య తొండి చేసి గెలిచిందని పెద్దమామయ్య అన్న రోజు నుంచి మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు, ఒక్క అత్తయ్యకు తప్ప. ఆవిడ మాత్రం కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుని, "శనివారం రానీ, అందరి ముందూ తేల్చేస్తాను" అంది. నాకేమో ఒళ్లు మండిపోతోంది. ఊరికే మాట పడటం నాకు మొదటినుంచీ చేతకాదు. కళ్లద్దాల షాపులో పని నాది. కనబడుతున్నా కనబడటం లేదని వాదించే మనుషులతో పగలంతా వేగి ఇంటికొస్తాను. ఇంటికొచ్చాక కూడా అదే గోల అయితే ఎలా?

పెద్దమామయ్య అంటే మా మామగారి అన్నయ్య. ఉద్యోగం చేసినంతకాలం తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు. బజారులో ప్రతి తక్కెడనీ తిరగేసి చూసిన చెయ్యి ఆయనది. రిటైరయ్యాక తక్కెళ్లు దొరక్క మనుషుల్ని తిరగేసి చూస్తున్నారు. మా అత్తయ్య కాపురానికి వచ్చిన నాటి నుంచి నేటి వరకు ఆయన ముందు గొంతు పెంచి ఎరగదు. మాతో మాట్లాడితే పక్కింటికి వినపడే మనిషి, ఆయన గుమ్మంలో అడుగు పెడితే చాలు, "రండి బావగారూ, కూర్చోండి బావగారూ" తప్ప ఇంకో ముక్క మాట్లాడదు.

అలాంటి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని యుద్ధం చేసుకునే చోటు ఒకటే ఉంది. మా వీధి చివర సైకిల్ షాపు మీద హాలు. శనివారం మధ్యాహ్నాలు అక్కడ కంప్యూటర్ ఆటల క్లబ్బు జరుగుతుంది. పేరుకి క్లబ్బు గానీ వచ్చేవాళ్లంతా తల నెరిసినవాళ్లే. వాళ్లు ఆడేది కోటల ఆట. మైదానమంతా పొగమంచు కప్పి ఉంటుంది. ఎవరి సైన్యాన్ని వాళ్లు ఎక్కడో ఒకచోట దాచుకుంటారు. అవతలివాడు ఎక్కడ దాచాడో ఊహించి పట్టుకోవాలి. ఆట ఉచితం. దాని సోర్సు కోడు, అంటే ఆటని తయారుచేసిన రాత, కూడా అందరికీ తెరిచే ఉంటుంది, ఎవరైనా చదవచ్చు, మార్చుకోవచ్చు. తంటా అంతా అక్కడే వచ్చింది. కోడులో ఒక్క వరస మారిస్తే చాలు, మార్చినవాళ్ల తెర మీద పొగమంచు మాయమై అవతలివాళ్ల సైన్యం బట్టబయలుగా కనబడుతుంది.

ఈసారి చివరి పోటీలో అత్తయ్య అలా చూసి ఆడిందని పెద్దమామయ్య అనుమానం. ఎందుకంటే ఆవిడ అటూ ఇటూ వెతకలేదు. మొదలుపెట్టడమే సరాసరి ఎడమ మూలకు వెళ్లి, ఆయన సైన్యం మొత్తాన్నీ దొరకబుచ్చుకుంది. ఆట చూస్తున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆయన మొహం మాడిపోయింది.

మాడిన మొహంతో ఇంటికి వెళ్లి ఊరుకున్నారా, లేదు. ఆటల రికార్డులన్నీ బయటికి తీశారు. ప్రతి ఆటగాడూ ఏ ప్రోగ్రాంతో ఆడాడో గుర్తుపట్టడానికి అక్షరాలూ అంకెలూ కలగలిసిన ఒక పొడుగాటి వరస ఆ రికార్డులో పడుతుంది. క్లబ్బువాళ్లు దాన్ని వేలిముద్ర అంటారు. అందరి వేలిముద్రా ఒకటే ఉంది. అత్తయ్యది మాత్రం వేరేగా ఉంది.

"ఉండదా మరి" అంది అత్తయ్య ఆ రోజు, తల వంచుకునే. "అందరూ తయారుగా ఉన్నదాన్ని దించుకున్నారు. అది నా పాత కంప్యూటర్లో తెరుచుకోలేదు. సోర్సు తెచ్చుకుని ఇంట్లోనే కంపైల్ చేసుకున్నాను బావగారూ. పోటీకీ దాన్నే పెన్‌డ్రైవ్‌లో పట్టుకొచ్చాను."

వండిన కూర కొనుక్కోవడానికీ, కూరగాయలు తెచ్చుకుని వండుకోవడానికీ ఉన్న తేడా అది. కానీ ఆయన ఒప్పుకోలేదు. వండేటప్పుడు అందులో ఏం కలిపావో మాకేం తెలుసు అన్నారు. అప్పుడు లెక్కల మాస్టారు అడ్డుపడ్డారు. ఆయన క్లబ్బు కార్యదర్శి, ఇద్దరికీ కావలసినవారు. సోర్సు తాను తెస్తానన్నారు. అత్తయ్య తన కంప్యూటర్ హాలుకి తెచ్చి అందరి ముందూ మళ్లీ కంపైల్ చెయ్యాలి. ఏ మార్పూ చెయ్యకపోయి ఉంటే, చివరి అక్షరం దాకా పాత వేలిముద్రే రావాలి. రాకపోతే తొండి చేసినట్టే.

"రాకపోతే ఈ మెట్లు మళ్లీ ఎక్కను" అంది అత్తయ్య.

మామగారు పోయాక ఆవిడ వీధివైపు గదిలో తలుపు దగ్గరగా వేసుకుని కూర్చునేది. తిండి పెడితే తినేది, పలకరిస్తే పలికేది, అంతే. ఆవిణ్ని ఆ గదిలోంచి బయటికి లాగింది ఈ ఆటే. ఇంట్లో మళ్లీ అరుపులు మొదలైంది ఈ ఆటవల్లే. ఆ మెట్లు ఎక్కడం మానేస్తే ఆవిడ మళ్లీ ఆ గదిలోకే వెళ్లిపోతుంది. నాకు ఆ భయం తప్ప ఇంకోటి లేదు.

ఆ శనివారానికి ముందురోజు నేను షాపునుంచి కాస్త పెందరాళే వచ్చాను. అత్తయ్య కంప్యూటర్ ముందు కూర్చుని గబగబా ఏదో చెరిపేస్తోంది. నన్ను చూసి ఉలిక్కిపడింది.

"ఏం చేస్తున్నారు?"

"దుమ్ము దులుపుతున్నాను. పదిమంది చూసే కంప్యూటర్, శుభ్రంగా ఉండొద్దూ?"

చేతిలో గుడ్డ కూడా లేదు. ఏదో తేడాగా ఉందనుకున్నాను గానీ, అడిగితే నా మీద విరుచుకుపడుతుందని వంటింట్లోకి వెళ్లిపోయాను.

శనివారం మా ఆయన కంప్యూటర్ డబ్బాని భుజాన పెట్టుకుని మెట్లెక్కారు. మానిటర్ నేను మోశాను. మా ఆయన పరిస్థితి చెప్పక్కర్లేదు, ఒకవైపు కన్నతల్లి, ఒకవైపు పెంచినంత పని చేసిన పెద్దనాన్న. నన్ను అడిగితే ఆరోజంతా ఆయన గోడ మీద పిల్లే.

హాల్లో కుర్చీలన్నీ గోడలకి నెట్టి మధ్యలో ఒక బల్ల వేశారు. ఆ బల్ల మీద మా కంప్యూటర్. దాని తెర అందరికీ కనబడాలని మాస్టారు ఎదురుగోడ మీద ప్రొజెక్టర్ పెట్టించారు. ప్లగ్గు పెట్టే సాకెట్ వదులు. ఎంత నొక్కినా కిందికి వాలిపోతోంది. మా ఆయన అట్టముక్క మడిచి దాని కింద దోపారు. వేడెక్కితే మధ్యలో ఆగిపోయే రోగం మా కంప్యూటర్‌కి ఉంది కాబట్టి పక్క రేకు ఊడదీసి, టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పాం. పెద్దమామయ్య తలుపు దగ్గర కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నారు. చెప్పులు ఆయన కుర్చీ పక్కనే విడిచారు, ఎప్పుడు లేవాల్సి వస్తుందో అన్నట్టు.

మాస్టారు పెన్‌డ్రైవ్ ఇచ్చారు. అత్తయ్య కొత్త ఫోల్డర్ ఒకటి తెరిచి, దానికి 'ఆట' అని పేరు పెట్టి, సోర్సు అందులో పోసింది. ఆజ్ఞ టైపు చేసి మీట నొక్కింది. నల్లటి తెర మీద తెల్లటి వరసలు పరిగెత్తడం మొదలైంది. ఏ వరస చూసినా మొదట ఆ ఫోల్డర్ పేరు, తరవాత ఏదో ఫైలు పేరు. ఒక్కో ఫైలునీ కంపైలర్ చదివి, యంత్రానికి అర్థమయ్యేలా మారుస్తోంది.

అక్కడున్నవాళ్లలో ఎవరికీ ఆ వరసలు అర్థం కావు. అయినా అందరూ కళ్లార్పకుండా చూస్తున్నారు. కంప్యూటర్ లోపలి ఫ్యాను గొంతు పెరుగుతోంది. అది పెరిగినప్పుడల్లా మా ఆయన టేబుల్ ఫ్యానుని ఇంకాస్త దగ్గరికి జరిపేవారు. మధ్యలో ఒక పెద్ద ఫైలు దగ్గర వరసలు ఆగిపోయాయి. అందరూ నా మొహం చూశారు, నాకేదో తెలిసినట్టు. నేను అత్తయ్య మొహం చూశాను. ఆవిడ కదల్లేదు. కాసేపటికి వరసలు మళ్లీ కదిలాయి.

చివరికి అయింది. మాస్టారు ముందుకొచ్చి వేలిముద్ర తీసే ఆజ్ఞ తానే టైపు చేశారు. సైకిల్ షాపాయన పాత రికార్డు కాగితం పట్టుకుని కళ్లద్దాలు సవరించుకున్నాడు. మాస్టారు తెర మీదున్న మొదటి అక్షరం చదివారు.

సైకిల్ షాపాయన తలెత్తాడు. "కాదండీ. ఇక్కడ వేరేది ఉంది."

రెండోది చదివారు. అదీ కాదు. ఒక్కటి కూడా కలవలేదు.

అత్తయ్య మొహంలో నెత్తుటిచుక్క లేదు. అంత బింకంగా వచ్చిన మనిషి, చేతులు ఒళ్లో పెట్టుకుని నేల చూపులు చూస్తోంది. కలవదని ముందు తెలియదు ఆవిడకి. కానీ కలవలేదనగానే ఎందుకు కలవలేదో తెలిసిపోయిందని నాకు అర్థమైంది. కోడల్ని కదా, ఆవిడ మొహం చదవకపోతే ఆ ఇంట్లో నా రోజు గడవదు.

మాస్టారు మంచిగానే అడిగారు. "అమ్మగారూ, కంపైలర్ ఏ ఫోల్డర్‌లో పనిచేస్తే ఆ పేరు కూడా ప్రోగ్రాం లోపల రాసుకుంటుంది ఒక్కోసారి. అప్పుడు చేసిన ఫోల్డర్, ఇప్పుడు చేసిన ఫోల్డర్ ఒకటేనా?"

"ఒకటే" అంది అత్తయ్య.

అబద్ధం. నిన్న చెరిపేసిన దుమ్ము ఏమిటో నాకప్పుడు వెలిగింది. "మంచినీళ్లు తాగొస్తాం" అని ఆవిడ చెయ్యి పట్టుకుని వసారాలోకి లాక్కెళ్లాను.

"పాత ఫోల్డర్ పేరేంటి?"

"చెప్పను."

"మీరు చెప్పకపోతే వాళ్లు తొండి మనిషి అంటారు."

"అననీ."

"అనిపించుకుంటారా? చెయ్యని తప్పుకి?"

"నెమ్మదిగా మాట్లాడవే. అది బావగారి గురించి పెట్టిన పేరు. మర్యాదైన పేరు కాదు. నా గదిలో, నా కంప్యూటర్లో, ఎవరు చూస్తార్లే అని పెట్టుకున్నాను. ఆయన కంట పడుతుందని నిన్న తీసేశాను. పేరు తీసేస్తే లెక్కే మారిపోతుందని నాకు తట్టలేదు."

"ఇప్పుడు తట్టింది కదా. వెళ్లి చెప్పండి."

"ఇన్నేళ్లు ఆయన ముందు కుర్చీలో కూడా సరిగ్గా కూర్చోలేదు. ఇప్పుడు గోడంత అక్షరాలతో ఆ మాట చూపించమంటావా? నావల్ల కాదు. మెట్లు ఎక్కకపోతే ఎక్కకపోయాను. పద ఇంటికి."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. మర్యాద కోసం మనిషి తనను తానే పాతిపెట్టుకుంటుందా? "ఇంటికెళ్లి ఏం చేస్తారు? ఆ తలుపు వేసుకుని కూర్చుంటారా మళ్లీ?" అన్నాను. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. అన్నందుకు బాధపడ్డాను గానీ వెనక్కి తీసుకోలేదు.

మేము లోపలికి వచ్చేసరికి పెద్దమామయ్య మాట్లాడుతున్నారు. అరవడం లేదు, అదే ఇంకా కష్టంగా ఉంది వినడానికి. "మా తమ్ముడు ఆటలో ఒక్క తప్పుడు ఎత్తు వేసి ఎరగడు. ఓడిపోతే ఓడిపోయానని నవ్వుతూ చెప్పేవాడు. వాడు పోవడమే మంచిదైంది. వాడి ఇంటి పేరు ఇలా బజారున పడటం చూడలేకపోయేవాడు."

అత్తయ్య అక్కడే ఆగిపోయింది. నా చెయ్యి విడిపించుకుంది. "మాస్టారూ" అంది. ఆ గొంతు మా ఇంట్లో గొంతు, పక్కింటికి వినపడేది. "ఇందాక ఒకటే అని అబద్ధం చెప్పాను. ఫోల్డర్ పేరు వేరు. ఇంకోసారి కంపైల్ చేస్తాను."

"ఫోల్డర్ పేరుతో లెక్క మారుతుందటయ్యా?" అన్నారు పెద్దమామయ్య. "తక్కెడ ఏ షాపులో పెట్టినా కిలో కిలోయే కదా."

"షాపు పేరు కూడా సరుకు మీద చెక్కి పంపే తక్కెడ అనుకోండి" అన్నారు మాస్టారు. "ఒకసారి చూద్దాం. సోర్సు మళ్లీ నాదే ఇస్తాను."

అత్తయ్య కూర్చుంది. కొత్త ఫోల్డర్ తెరిచింది. వేళ్లు మీటల మీద పెట్టి ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తరవాత ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా, టైపు చేసింది.

బుంగమూతి.

గోడ మీద ఒక్కో అక్షరం అరచేయంత ఉంది. సైకిల్ షాపాయన పైకే చదివి, "ఎవరండీ ఈ బుంగమూతి?" అని నవ్వబోయి, ఎవరూ నవ్వకపోయేసరికి ఆగిపోయాడు. అత్తయ్య మీట నొక్కింది.

అప్పుడు గానీ నాకు అసలు సంగతి తట్టలేదు. ప్రతి వరసకీ ముందు ఫోల్డర్ పేరు వస్తుంది కదా. బుంగమూతి, దాని వెనక ఒక ఫైలు. బుంగమూతి, ఇంకో ఫైలు. గోడ మీద కిందినుంచి పైకి, ఒకదాని వెనక ఒకటి, ఆగకుండా. ఇది అయ్యేదాకా ఆపడానికి లేదు, కళ్లు తిప్పుకోవడానికి లేదు. హాల్లో ఉన్నవాళ్లంతా గోడ చూసి, మెల్లిగా తలలు తిప్పి పెద్దమామయ్య వైపు చూశారు. ఆయన కింది పెదవి ముందుకు వచ్చి, బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. నాకు నవ్వు తన్నుకొస్తోంది, మరోపక్క భూమిలోకి కుంగిపోవాలనిపిస్తోంది. అత్తయ్య తలెత్తలేదు.

పెద్ద ఫైలు దగ్గర వరసలు మళ్లీ ఆగాయి. కంప్యూటర్ ఫ్యాను రొద పెట్టింది. అంతలో గోడ మీది వెలుగు ఒక్కసారి రెపరెపలాడింది. అట్టముక్క జారింది, ప్లగ్గు వాలిపోతోంది. అది ఊడితే మొత్తం మళ్లీ మొదటికి. ఊడిందే సాకు అంటారు, ఇంకోసారి చెయ్యనివ్వరు. మా ఆయన బల్లకి అటువైపు ఇరుక్కుపోయారు. నేను అరవబోయాను.

పెద్దమామయ్య లేచారు. చెప్పులు వేసుకుని వెళ్లిపోతున్నారనుకున్నాను. ఆయన రెండడుగులు వేసి, గోడ దగ్గర వంగి, ప్లగ్గుని అరచేత్తో అదిమి పట్టుకున్నారు. వెలుగు నిలబడింది. ఆయన అలాగే నిలబడిపోయారు, చెయ్యి తియ్యకుండా, గోడ మీది ఆ పేరు చూస్తూ.

"అమ్మా" అన్నారు కాసేపటికి. "ఈ మాట నీకెవరు చెప్పారు?"

"మీ తమ్ముడే బావగారూ" అంది అత్తయ్య, నేల చూస్తూనే. "మీరు ఆటలో ఓడిపోయినప్పుడల్లా చిన్నప్పుడు అలా పిలిచేవారట. నాతో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ మా అన్నయ్య అనేవారు కాదు, మా బుంగమూతి అనేవారు. ఆయన పోయాక ఆ మాట ఇంట్లో వినపడటం మానేసింది. అందుకని..."

పెద్దమామయ్య ప్లగ్గు వదలకుండానే అడిగారు.

"మరి నా సైన్యం ఎడమ మూల ఉందని ఎలా తెలిసింది?"

"దాగుడుమూతల్లో మీరెప్పుడూ తలుపు వెనక ఎడమ మూలే నక్కేవారట. మా బుంగమూతికి ఇంకో చోటు తెలియదు అనేవారు."

హాల్లో ఎవరో ఫక్కుమన్నారు. ఈసారి ఎవరూ వాళ్లని ఆపలేదు. పెద్దమామయ్య నవ్వలేదు. ఆయన కళ్లు తడిశాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఒక చెయ్యి ప్లగ్గు మీద, రెండోది గోడకి ఆనించి ఉంది. నేను వెళ్లి పట్టుకుంటానన్నాను. వద్దని తల ఊపారు.

వరసలు కదిలాయి. చివరిది గోడ మీదికి వచ్చి ఆగింది. మాస్టారు మళ్లీ ఆజ్ఞ టైపు చేసి, మొదటి అక్షరం చదివారు.

"ఉంది" అన్నాడు సైకిల్ షాపాయన.

రెండోది. ఉంది. మూడోది. ఉంది. మాస్టారు ఒక్కో అక్షరం దగ్గరా ఆగి, ఆయన కాగితం మీద వేలు జరిపి ఉందనేదాకా ఇంకోటి చదవటం లేదు. ఆ వరస ఇంత పొడుగు ఎందుకు పెట్టారో అని తిట్టుకున్నాను. ఎక్కడో ఒకచోట ఒక్క అక్షరం తప్పితే చాలు. సగం దాటాక అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. చివరి అంకె చదివాక సైకిల్ షాపాయన కాగితాన్ని ఇంకోసారి తిప్పి చూసి, అటువైపు ఇంకేమీ లేదని తేల్చుకుని, "అంతా ఉందండీ" అన్నాడు.

మా ఆయన కింద కూలబడిపోయారు. చప్పట్లు మొదలయ్యాయి. నేను కూడా కొడదామనుకున్నాను గానీ అత్తయ్య నా చెయ్యి వదల్లేదు. వదిలాక ఆవిడ చేసిన మొదటి పని, మౌసు పట్టుకుని ఆ ఫోల్డర్ పేరు మీదికి వెళ్లడం.

"ఇప్పుడే తీసేస్తాను బావగారూ. తప్పయింది, ఏమీ అనుకోకండి."

పెద్దమామయ్య ప్లగ్గు మీద చెయ్యి ఇంకా తియ్యలేదు. కింది పెదవి ఇంకా ముందుకే ఉంది.

"తియ్యకమ్మా" అన్నారు. "ఆ పేరు అలాగే ఉండనీ. మారిస్తే లెక్క తప్పుతుంది."